తలుపు పగలని ‘బ్రేకింగ్’

‘హౌస్ బ్రేకింగ్’ అనే మాట వినగానే పగిలిన తాళం కళ్లముందు మెదులుతుంది కనుక, కోర్టు కాగితాలను తెలుగు చేసేవారు దానిని ‘తలుపులు పగలగొట్టి ప్రవేశించడం’ అని రాయడానికి తొందరపడతారు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 445వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చదివితే ఆ తొందర ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. ఇంటివారు పోగొట్టుకున్న తాళంచెవి దొరికినవాడు దానితోనే తలుపు తీసుకుని నేరబుద్ధితో లోపలికి వెళ్లినా అది హౌస్ బ్రేకింగే. గోడకు కన్నం వేసి చెయ్యి మాత్రమే లోపల పెట్టినా అంతే, ఎందుకంటే శరీరంలో ఏ కొంత భాగం లోపలికి వెళ్లినా ప్రవేశం పూర్తయినట్టే. గుమ్మంలో నిలబడిన కాపలాదారును కొడతానని బెదిరించి లోపలికి నడిచినవాడి విషయంలోనైతే పగలడానికి తలుపు మూసి కూడా లేదు.

ఇంటి రక్షణను చట్టం పేర్కొన్న ఆరు పద్ధతుల్లో ఏదో ఒకదానితో దాటడమే ఇక్కడి బ్రేకింగ్. ‘గృహభేదనం’ అన్నా భేదించడంలో పగలడమే ధ్వనిస్తుంది. ‘కన్నం వేయడం’ అచ్చమైన తెలుగే అయినా ఆరింటిలో ఒక్కదానికే సరిపోతుంది.

హౌస్ బ్రేకింగ్‌కు పునాది ‘క్రిమినల్ ట్రెస్‌పాస్’, అంటే నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వారి ఆస్తిలోకి ప్రవేశించడం. ఆ ఉద్దేశం లేకపోతే పొరుగువాడి పొలం గట్టు దాటడం ఈ నేరం కిందికి రాదు కాబట్టి, ‘అక్రమ ప్రవేశం’ అని మాత్రమే రాస్తే నేరానికి ప్రాణమైన ఉద్దేశమే జారిపోతుంది.

‘బర్గ్లరీ’ది మరో దారి. వార్తల్లో తరచు వినిపించే ఈ పేరుతో శిక్షాస్మృతిలో నేరమేదీ లేదు. ఇంగ్లండులో ఒకప్పుడు రాత్రివేళ నివాసగృహాన్ని ఛేదించి, తీవ్ర నేరం తలపెట్టి చొరబడితేనే బర్గ్లరీ అనేవారు. 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ రాత్రినీ ఛేదించడాన్నీ రెంటినీ వదిలేసింది. అందువల్ల అక్కడ తెరిచి ఉన్న దుకాణంలోనైనా, కొనుగోలుదారులకు అనుమతి లేని కౌంటర్ వెనక్కి నగదు కాజేయాలని వెళ్లినవాడు బర్గ్లరీ చేసినట్టే. అతణ్ణి ‘కన్నపు దొంగ’ అంటే పాఠకుడు లేని కన్నాన్ని వెతుక్కుంటాడు.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ల సంఖ్యలు మారినా హౌస్ బ్రేకింగ్ నిర్వచనం 330వ సెక్షన్‌లో కొనసాగుతోంది. తాళంచెవితో తలుపు తీశాడన్న అభియోగం తెలుగులో ‘పగలగొట్టాడు’గా మారితే, ఎవరూ మోపని ఒక పనిని అనువాదకుడే నిందితుడి మీద మోపినట్టవుతుంది.