పుట్టనడిగి త్రవ్విన బావి

వంకలోని ఇసుక అరికాళ్ళకు బొబ్బలెక్కించు వైశాఖమాసమున, సిద్ధవటము బద్వేలుల నడుమ లంకమల కొండల దాపున గల మా పల్లెలో బావి త్రవ్వదలచిన రైతు, గడ్డపార చేతబట్టుటకు ముందు, పుట్టలు చూడనేర్చిన పెద్దమనిషి ఎవరైన దగ్గరలో ఉన్నారా యని వాకబు చేసి కబురంపెడివాడు. నాకు తొమ్మిదేండ్ల వయస్సున మా అబ్బ అట్లే ఒక వృద్ధుని పిలిపించెను. తరతరములుగా బావులు త్రవ్విన వంశమువాడు. తూటా ప్రేలి ఎడమచేతి రెండు వ్రేళ్ళు పోయినవి. మాట మెత్తన, నడక మెల్లన. ఆయన మా చేనిలోని నాలుగు పుట్టలను చుట్టివచ్చి, మనిషెత్తు పెరిగి గోపురమువలె నున్నదానిని చేతితో తట్టి, "ఇది సచ్చిన పుట్ట రెడ్డీ. దీంట్లో కాపరం లేదు. ఇంగ దీన్ని అడిగి ఏం లాభం?" అని, వేపచెట్టు ప్రక్కన నా నడుమంత ఎత్తు మాత్రమే యున్న మరొక పుట్టయొద్ద గొంతుకూర్చుండెను.

పొద్దు గ్రుంకుచుండగా కొడవలి మొనతో ఆ పుట్ట పైపొరను అరచేతి మేర చెక్కెను. గాలి తగిలినదో లేదో, గోధుమవన్నె తలల కావలిచెదలు గండి అంచునకు వచ్చి నిలిచి, దవడలు విప్పి అటునిటు తలలాడింపసాగెను. వాని వెనుక, వానికంటె పాలిపోయిన పనిచెదలు ఒక్కొక్కటే తడిమట్టియుండను నోట కఱచికొని వచ్చి, అంచున అదిమి, మరల చీకటిలోనికి పోవుచుండెను. నేను కదలక చూచుచుంటిని. "సాలు నాయనా, ఇంగ పోయి పండుకో. తెల్లారినాక అది సెప్పేది సెప్తాది" అని ముసలాయన లేచెను.

తెల్లవారి చూతుము గదా, గండి పూడియున్నది. చుట్టునున్న పాతమన్ను ఎండి తెల్లబారియుండగా, క్రొత్తగా పూడ్చినమేర మాత్రము చెమ్మగిల్లి అప్పుడే అలికిన అరుగువలె నల్లగా నుండెను. ఆయన నా వ్రేలు పట్టుకొని దానిపై అద్దెను. "సల్లగా ఉండాదా? నడెండాకాలంలో ఇంత తడిమన్ను యాడనుంచి మోసుకొచ్చినాయి? కింద ఏదో ఉండాది." ఆ పుట్టకు పడమర ఆరు బారల దూరమున త్రవ్వగా ఐదు నిలువుల లోతున జల పడినది. పుట్టను మాత్రము ఎవరును ముట్టరాదని ఆయన కట్టడి చేసిపోయెను. ఆ కట్టడిని మా అబ్బ బ్రతికియున్నంత కాలము పాటించెను.

ఈ విద్యకు శాస్త్రగ్రంథములలో చోటు గలదని నాకు తెలియుటకు ఇరువదేండ్లు పట్టినది. 6వ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను పేర భూగర్భజలమును గుర్తించు విధమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. అందు వల్మీకము, అనగా పుట్ట, పదే పదే కానవచ్చును: నేరేడుచెట్టునకు తూర్పున చేరువలో పుట్ట గలదేని, ఆ చెట్టునకు దక్షిణమున రెండు పురుషముల లోతున తియ్యని నీరుండునని ఆయన తెలిపిన గుర్తులలో నొకటి. చేయెత్తి నిలిచిన మనిషి పొడవు, వ్రేలివెడల్పు కొలతన 120 అంగుళములు, ఆయన పురుషము. మా బావిపనివారి నిలువు దానికి దగ్గరి చుట్టమే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రాచార్యులైన ఇ.ఎ.వి. ప్రసాద్ ఈ అధ్యాయమును ఆధునిక శాస్త్రదృష్టితో పరామర్శించి రచించిన గ్రంథమును ఆ విశ్వవిద్యాలయమే 1980లో ప్రచురించెను. పుట్టమన్నును పరీక్షించి భూమిలోని ఖనిజముల జాడను, బంగారము జాడను సైతము, పసిగట్టవచ్చునని కూడ ఆయనయు సహచరులును ఆ దశకమున వ్రాసిరి. చెద తాను దిగిన లోతునుండి మట్టిరేణువులను పైకి మోసికొని వచ్చునది గనుక, ఎవరును త్రవ్వకయే త్రవ్విన నమూనా పుట్టరూపమున నేలపై నిలిచియుండుననుట వారి యుక్తి. రాయలసీమ నేల గూర్చి రాయలసీమ విద్యాలయమున జరిగిన ఇట్టి కృషి మన పాఠ్యపుస్తకములలో ఒక్క పుటకైనను నోచుకొనకపోవుట నాకు మిక్కిలి బాధాకరము.

మన పద్యములును సామెతలును పుట్టను చీమలకే కట్టబెట్టినవి గాని, దానిని కట్టునది చెద. చీమ కందిరీగల వంశమునకు చెందినది. చెద బొద్దింకల వంశమునకు చెందినది. ఇరువురి సంసారముల పోలిక పైపైదే. మన ఎఱ్ఱనేలలలో బురుజులవంటి ముడుతలతో పైకి లేచు పుట్టలను ఎక్కువగా కట్టునది ఒడోంటోటెర్మిస్ ఒబీసస్ అను జాతి. కుందూ తీరపు నల్లరేగడి, వేసవిలో నెఱ్ఱెలు విచ్చి వానలో ఉబ్బునది, వీనికి సరిపడదు. ఆళ్ళగడ్డనుండి అహోబిలము దెస నడచినకొలది, రేగడి తరిగి గరుసు తేలినచోట, పుట్టలు కనుపించును. నల్లమల లోపలికి పోయినచో ఎలుగుబంటి గోళ్ళతో చీల్చిన పుట్టలు త్రోవ ప్రక్కనే యుండును. దాని పైదవడ ముందుపండ్లు రెండు లోపించుట చెదలను లోనికి పీల్చుకొనుటకు అనువుగా నమరినది.

ఒకమారు వానకోతకు గట్టు విరిగి, ఒక పుట్ట సగమునకు చీలి, దాని గర్భమంతయు వెల్లడియైనప్పుడు నేను చూచితిని. నేలమట్టమునకు కొంచెము దిగువగా గుండ్రని గదులు. గదిగదిలోను చిల్లులుపడిన రాగిసంగటి ముద్దవంటి గోధుమవన్నె పదార్థము. దానిమీద గసగసాలవంటి తెల్లని గింజలు. అది చెదల సేద్యము. ఎండుటాకు, పుల్ల, పేడ, జొన్నమొదలు, దొరికినదెల్ల నమిలి తెచ్చి విసర్జించి, ఆ ముద్దపై టెర్మిటోమైసిస్ అను బూజును అవి పెంచును. తాము జీర్ణింపజాలని కట్టెసారమును ఆ బూజు మెత్తపరచి పెట్టగా, ముద్దను పాతదానినుండి తినుచు, క్రొత్తదానిని పైన చేర్చుచు పోవును. వానలు పడిన పిదప ఆ బూజే నేలను చీల్చుకొని గొడుగు విప్పును. దానికి మనవారు పుట్టగొడుగని పేరిడుట ఎంత నిశితమైన పరిశీలన! ఐరోపావారిలో ఈ బూజుతోటను తొలుత గమనించినవారిలో నొకడు జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ అను వైద్యుడు, లినేయసు శిష్యుడు. తరంగంబాడి, తంజావూరు ప్రాంతములలో చెదలను పరిశీలించి 1779లో గ్రంథస్థము చేసి, 1785లో మన కాకినాడలోని జగన్నాథపురమున కన్నుమూసెను.

ఈ సేద్యమునకు తేమ ప్రాణము. చెద చర్మము పలుచన. పొడిగాలిలో అది ఎక్కువసేపు నిలువలేదు. బయట 43 డిగ్రీల ఎండ మండుచుండగా లోపల 30 డిగ్రీలకు అటునిటుగా, మంచుపొద్దువలె తేమ నిండిన గాలి యుండవలెను. అయినను ఉక్కిరిబిక్కిరి కారాదు, బూజును చెదలును విడుచు బొగ్గుపులుసు వాయువు బయటికి పోవలెను. ఇది ఎట్లు సాధ్యమని బెంగుళూరులోని పుట్టలలో కొలతలు తీసి కింగ్, ఓకో, మహాదేవన్ అను మువ్వురు 2015లో ప్రకటించిన ఫలితము నాకు మహాకావ్యము చదివినంత ఆనందమును కలిగించినది. పగలు పుట్ట వెలుపలి ముడుతలు ముందుగా వేడెక్కును, నడుమభాగము చల్లగా నుండును. గాలి ముడుతలవెంట పైకెక్కి నడుమనుండి దిగును. రాత్రి ముడుతలు ముందుగా చల్లారును. గాలి దారి మార్చి నడుమ పైకెక్కి అంచులవెంట దిగును. పగటికిని రాత్రికిని గల వేడిమి భేదమే తిత్తిగా, రోజునకొక్క ఊపిరి చొప్పున పుట్ట శ్వాసించుచున్నది. మా ముసలాయన పుట్టలో కాపరము గలదా యని అడుగుటయు, శాస్త్రజ్ఞుడు అది శ్వాసించుచున్నదా యని అడుగుటయు నా చెవికి ఒక్కమాటగనే వినిపించును.

తొలకరివాన కురిసిన సాయంకాలము ఆ కాపరమునుండి ఉసిళ్ళు లేచును. మా ప్రాంతమున ఈసుళ్ళందురు. పుట్ట నోళ్ళు తెరచుకొని, కావలిచెదలు దారి కాయగా, రెక్కలు విచ్చిన యువతీయువకులు పొగవలె పైకి వచ్చుచుండ, మేము లాంతరు పెట్టి క్రింద నీళ్ళ బేసిన్ ఉంచెడివారము. మా అవ్వ వానిని పెనముమీద వేయించి, రెక్కలు చెరిగి, బొరుగులలోను వేయించిన పప్పులలోను కలిపి ఉప్పుకారము చల్లి పెట్టెడిది. ఆ కమ్మదనము నాలుకపై నేటికిని ఉన్నది. పక్షులు, బల్లులు, కప్పలు, మాబోటి పిల్లలు తినగా మిగిలిన ఏ కొలది జంటలో రెక్కలు రాల్చి తడినేలలో దూరును. అట్లు దూరిన ఒక్క ఆడుది, బొటనవ్రేలు మందపు తన కడుపును మోయలేక, ఏండ్ల తరబడి ఒకే గదిలో మగనిప్రక్కన పడియుండి, దినమునకు వేల గుడ్లు పెట్టును. వాన నేలను మెత్తపరచిననాడే ఈ ప్రయాణము. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా, అదియు మాటతప్పుచు, వాన పడు సీమలో చెదలును రైతును ఒకే మేఘమునకై మెడలెత్తి చూచెదరు.

పుట్ట యున్నచోటనెల్ల నీరుండునని నేను వాదించుట లేదు. తడిసిన మన్నును క్రిందినుండి తెచ్చుకొనుట చెదలకు సహజము. ఆ తడి గట్టి రాతిపొరమీద నిలిచిన కొద్దిపాటి చెమ్మ కావచ్చును. మా ముసలాయన కూడ ఒక్క పుట్టను నమ్మి గునపము వేయించినవాడు కాడు: వేసవిలో ఎక్కడి గరిక పచ్చగా నున్నదో, చెట్టు కొమ్మ ఏ వైపునకు వంగినదో, వేకువను ఏ జాగాపై పలుచని ఆవిరి తేలునో, అన్నియు కూడినచోట తలయూపెడివాడు. అయినను చెద నీటికై ఎంత లోతు దిగగలదో తక్కువగా అంచనా వేయరాదు. సెనెగల్ ఉత్తరభాగపు ఎండునేలలలో చెదల సొరంగములు లోతైన భూగర్భజలమును తాకియుండుటను ఫ్రెంచి పరిశోధకులు 1974లో ప్రకటించిరి.

మా ముసలాయన పుట్టనడిగినది గరుసుపొరలోని నీటి సంగతి. ఐదారు నిలువుల లోపలి సంగతి. కపిలబావులు ఆ నీటిమీదనే నడచినవి. బోరుబండ్లు వచ్చి, వందల అడుగుల లోతున రాతినెఱ్ఱెలనుండి నీరు లాగుట మొదలైన పిదప, ఆ పైనీరు మెల్లమెల్లగా క్రిందికి జారిపోయినది. బోరుబండి రాత్రివేళ వచ్చును, అడుగున కింతయని లెక్కగట్టి తెల్లవారునప్పటికి పని ముగించి పోవును. చేనిలో అడ్డమున్న పుట్టను ముందుగా జేసీబీతో చదును చేయింతురు. మా దాయాదుల చేనిలో నాలుగు బోర్లు వరుసగా ఎండిపోయినవి, అప్పు మిగిలినది. ఆ నాలుగింటికిని చోటు చూపినవాడు టెంకాయను అరచేతిలో నిలిపి నడచినవాడు. పుట్ట చెక్కి ఒక రాత్రి వేచియుండు ఓపిక అతనికిని లేదు, పిలిపించినవారికిని లేదు.

గడచిన వైశాఖమున ఊరికి పోయినప్పుడు అబ్బ త్రవ్వించిన బావిని చూచుటకు వెళ్ళితిని. అడుగున ముళ్ళకంపయు ప్లాస్టిక్ సంచులును తప్ప చుక్క నీరు లేదు. వేపచెట్టు ప్రక్కన పుట్ట మాత్రము నన్ను మించి ఎదిగియున్నది. చీకటి పడుచుండగా తాళపుచెవి కొనతో దాని పైపొరను అరచేతి మేర చెక్కి వచ్చితిని. గోధుమవన్నె తలలు అంచునకు వచ్చుట చూచి గాని కదలలేదు. ఉదయము ఆరుగంటలకు మరల పోయి చూడగా గండి పూడియున్నది. వ్రేలు అద్దితిని; మన్ను అంటినది.