తీరిక దొరికిన రోబో

రోబో ఎంత పెద్దదో తెలియాలంటే దాన్ని కాసేపు కదలకుండా ఉంచాలి. దూకుతూ, గింగిరాలు తిరుగుతూ, పేలుళ్ళ మధ్య పరుగెత్తే ఇనుప దేహాన్ని కన్ను కొలవలేదు. అది ఆగాక, పక్కన తలుపుందా, మనిషుందా అని చూసుకుని అప్పుడు కొలుస్తుంది. 2018 డిసెంబరులో వచ్చిన 'బంబుల్‌బీ'లో ఒక గ్యారేజీ సన్నివేశం ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన చార్లీ అనే అమ్మాయి పాతసామాన్ల యార్డు నుంచి పసుప్పచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తెచ్చుకుంటుంది. బాగుచేద్దామని కిందికి దూరితే అక్కడ ఒక ముఖం కనిపిస్తుంది. కారు విప్పుకుని లేచి బంబుల్‌బీ అనే రోబో అవుతుంది, లేచిందే తడవుగా మూలకి ఒదుగుతుంది. భయపడింది ఆ పిల్ల ఒక్కతే కాదని మనకి అర్థమయ్యేదాకా దర్శకుడు ఎటూ కదలడు. అంత తీరికని ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలు అంతకు ముందు పదేళ్ళలో ఎప్పుడో గాని తమకి తాము ఇచ్చుకోలేదు.

ఈ రోబోలు పుట్టింది బొమ్మల దుకాణంలో. జపాన్ కంపెనీ టకారా అమ్ముతున్న డయాక్లోన్, మైక్రో చేంజ్ బొమ్మల్ని అమెరికా కంపెనీ హాస్‌బ్రో తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో బజారులో పెట్టింది. మార్వెల్ కామిక్స్ వాటికి కథలు అల్లింది, టీవీ కార్టూన్ వాటికి గొంతులిచ్చింది. నాయక రోబో ఆప్టిమస్ ప్రైమ్‌కి 1984లో గొంతిచ్చిన పీటర్ కల్లెన్ 2018లోనూ ఆ పాత్రకి తానే పలికాడు. 2007లో దర్శకుడు మైఖేల్ బే చేతికి వచ్చాక ఇది వందల కోట్ల డాలర్ల వ్యాపారమైంది. 2011, 2014ల్లో వచ్చిన రెండు భాగాలూ చెరి 100 కోట్ల డాలర్లు దాటాయి. 2017లో వచ్చిన అయిదో భాగం 'ద లాస్ట్ నైట్' సుమారు 60 కోట్ల దగ్గర ఆగిపోయింది. అంకె చిన్నదేమీ కాదు. కానీ అంతకు ముందు భాగంతో పోలిస్తే దాదాపు సగానికి పడింది, అదీ 20 కోట్ల డాలర్లు పైబడిన పెట్టుబడితో.

బేని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. 2007 నాటి ఆప్టిమస్ ప్రైమ్‌ని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ పదివేలకు పైగా విడిభాగాలతో కట్టింది. ఎండ పడ్డ ఇనుము నిజంగా ఇనుములా మెరవడం అప్పటికి కొత్త. చిక్కల్లా ఆ విడిభాగాలతోనే వచ్చింది. రెండు రోబోలు పెనుగులాడుతుంటే ఎవరి చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, ఇనుప సామాన్ల కొట్టు కుప్పకూలుతున్నట్టు ఉంటుంది. రోబో తిరుగుతుంటే దాని చుట్టూ కెమెరా కూడా తిరుగుతుంది. ఇంత తిరుగుడులో రూపురేఖ నిలవదు, రూపురేఖ నిలవని చోట పాత్ర నిలవదు.

ఆరో సినిమాకి స్టూడియో ఎంచుకున్న దర్శకుడు ట్రావిస్ నైట్. అప్పటిదాకా ఆయన మనుషులతో సినిమా తీయలేదు. ఆరెగాన్ రాష్ట్రంలోని లైకా స్టూడియో అధిపతి, వృత్తిరీత్యా బొమ్మలు కదిపే యానిమేటర్. నైకీ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ కొడుకు కాబట్టి అంత ఓపిగ్గా బొమ్మలాడించుకోగలిగాడని ఎవరైనా అంటే కాదనలేం. కానీ పనితనం వారసత్వంగా రాదు. 'కోరలైన్', 'పారానార్మన్', 'ద బాక్స్‌ట్రాల్స్' సినిమాలకి యానిమేటర్‌గా పనిచేసి, 2016లో 'కుబో అండ్ ద టూ స్ట్రింగ్స్'తో దర్శకుడయ్యాడు. 'బాక్స్‌ట్రాల్స్' చివర పేర్లు పడేటప్పుడు రెండు బొమ్మలు తమ బతుకు గురించి తర్కించుకుంటుంటే, వాటిని కదుపుతున్న మనిషి కూడా తెర మీద కనిపిస్తాడు. ఆ మనిషి నైటే.

ఆ పని పేరు స్టాప్ మోషన్. లోపల లోహపు అస్థిపంజరం, కీళ్ళు ఉన్న బొమ్మని వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్ళీ జరిపి మరో ఫొటో. తెర మీద ఒక్క సెకనుకి 24 ఫొటోలు కావాలి. చెయ్యి ఎత్తాలంటే ఎందుకు ఎత్తుతోందో ముందే తేల్చుకోవాలి, సగంలో మనసు మార్చుకుంటే మొదటి నుంచీ రావాలి. ఇంత కష్టపడి కదిపే మనిషి అనవసరపు కదలిక ఒక్కటీ పెట్టడు. 'బంబుల్‌బీ'లోని నెమ్మది ఈ అలవాటు నుంచి వచ్చిందని నా నమ్మకం. రోబోలు కంప్యూటర్లో తయారైనవే, వాటిని చేసింది మళ్ళీ అదే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్. మారింది వాటిని నడిపించే బుద్ధి.

ఈ విద్యకి పూర్వీకులున్నారు. 1933లో 'కింగ్ కాంగ్'ని కదిపిన విల్లిస్ ఒబ్రయన్, ఆయన శిష్యుడు రే హ్యారీహౌసెన్. 1963లో వచ్చిన 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో హ్యారీహౌసెన్ చేసిన టాలోస్ అనే కంచు విగ్రహం తెర మీది భారీ యంత్రదేహాలన్నిటికీ పెద్దన్న. ఎత్తయిన పీఠం మీద మోకాలు వంచి ఉన్న విగ్రహం కింద ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటారు. విగ్రహం తల మెల్లగా, కిర్రుమంటూ వాళ్ళవైపు తిరుగుతుంది. అంతే. ఆ తల తిరుగుడులో ఉన్న భయం తర్వాత వచ్చే కొట్లాటలో కూడా లేదు. టాలోస్ నడక బిగుసుకుపోయి ఉంటుంది, అది కావాలని చేసినది. మిగతా జంతువులకి ఒడుపైన కదలిక ఇవ్వగలిగినవాడు కంచుకి మాత్రం కీళ్ళు పట్టేసినట్టు కదలిక ఇచ్చాడు. మడమ దగ్గర బిరడా తీస్తే లోపలి ద్రవమంతా కారిపోయి టాలోస్ చనిపోతాడు. గొంతు పట్టుకుని, ఊగి, ఒళ్ళంతా పగుళ్ళిచ్చి కూలిపోతాడు. ముఖంలో ఒక్క గీత కూడా మారదు, అయినా చూసేవాళ్ళకి జాలేస్తుంది.

బరువు చూపించడంలో ఒక లెక్క ఉంది. వస్తువు నాలుగు రెట్లు పెద్దదైతే, తన ఎత్తంత దూరం కిందపడటానికి దానికి రెట్టింపు సమయం పడుతుంది. చీమ చకచకా కదులుతుంది, ఏనుగు నింపాదిగా అడుగేస్తుంది. కన్ను ఈ లెక్క పుట్టుకనుంచీ నేర్చుకుంటూనే ఉంటుంది. జపాన్‌లో ఎయిజీ త్సుబురాయా 1954 నాటి 'గాడ్జిల్లా'కి దీన్నే వాడుకున్నాడు. తొడుగు వేసుకున్న నటుణ్ణి చిన్న నమూనా నగరంలో నడిపించి, కెమెరాని ఎక్కువ వేగంతో నడిపి తీసి, తెర మీద మామూలు వేగంతో వేశాడు. అడుగు ఆలస్యంగా పడేసరికి మనిషి కాస్తా కొండంత అయ్యాడు. పెద్ద రోబోని మనిషి వేగంతో గెంతిస్తే ఎన్ని కోట్లు పోసినా అది బొమ్మలాగే తేలిపోతుంది. బే సినిమాల్లో కొన్ని పోరాటాలు నెమ్మది చలనంలోకి జారినప్పుడే బాగుంటాయి, కారణం ఇదే కావచ్చు.

ఇక కళ్ళు. ముఖం కదలనప్పుడు నటన ఎక్కడ పెట్టాలి? 1999లో బ్రాడ్ బర్డ్ తీసిన 'ది ఐరన్ జయంట్'లో ఇనుప రాక్షసుడికి గుండ్రటి దీపాల్లాంటి కళ్ళు, వాటికి మూతలు, కింద ఒక దవడ ఉంటాయి. ఇంకేం లేదు. ఆ సినిమా విడుదలప్పుడు ఆడలేదు, తర్వాతి కాలంలో తలకెత్తుకున్నారు. 2008 నాటి 'వాల్-ఈ'లో బైనాక్యులర్ కళ్ళ చెత్త రోబో దాదాపు మాటల్లేకుండానే సినిమా సగం లాగేస్తుంది. దాన్ని తీసేముందు పిక్సార్ బృందం చాప్లిన్, కీటన్‌ల మూకీలు వరసపెట్టి చూసింది. బంబుల్‌బీది ఈ వంశమే. పెద్ద నీలి కళ్ళు, వాటిలో కెమెరా కంటిపాపలా ముడుచుకుని విచ్చుకునే రేకులు, నోటి చోట లోహపు ముట్టె. కుబో ముఖానికి 4.8 కోట్ల కవళికలు సాధ్యమని లైకా లెక్కగట్టి చెప్పుకుంది. అదే దర్శకుడు ఈ రోబో దగ్గరికి వచ్చేసరికి కంటిరేకులు, తల వాలు, భుజాలు పడిపోవడం, వీటితోనే కాలక్షేపం చేశాడు. నేనైతే కుబో కన్నా బంబుల్‌బీనే మంచి నటుడంటాను.

రూపం విషయంలో వెనక్కి వెళ్ళారు. సినిమా మొదలయ్యేది సైబర్‌ట్రాన్ గ్రహం మీది యుద్ధంతో. అక్కడ కనిపించే ఆప్టిమస్, సౌండ్‌వేవ్, షాక్‌వేవ్‌లు 1984 కార్టూన్ రూపాలకి దగ్గరగా ఉంటారు. వెడల్పైన పలకలు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. నీడ చూసి కూడా ఎవరెవరో చెప్పేయవచ్చు. కారు రోబోగా మారేటప్పుడు తలుపు ఎటు పోయింది, చక్రం ఎక్కడ చేరింది అన్నది కంటికి అందుతుంది. చేత్తో విరిచి మడిచి ఆడుకున్న పిల్లలకి ఆ బొమ్మలో ఉన్న సుఖమంతా ఆ మడతల్లోనే ఉంది. బే తొలి భాగం వచ్చిన 11 ఏళ్ళ తర్వాత దాన్ని ఈ సినిమా వాళ్ళకి తిరిగిచ్చింది.

బీటిల్‌ని తీసుకురావడం కూడా అలాంటిదే. తొలి బంబుల్‌బీ బొమ్మ బీటిలే. 2007లో దాన్ని కమారో కారుగా మార్చి, పాత కార్ల దుకాణం సన్నివేశంలో పక్కన ఒక పసుపు బీటిల్‌ని నిలబెట్టి, దాన్ని తలుపుతో గుద్దించి ఎగతాళి చేశారు కూడా. గుండ్రటి కారు వల్ల గుండ్రటి దేహం వచ్చింది, చిన్న కారు వల్ల చిన్న రోబో వచ్చింది. ఇందులో అసలు లాభం కెమెరాకి. ఆప్టిమస్ ప్రైమ్ పక్కన మనిషిని నిలబెడితే ఫ్రేములో ఒకరి ముఖమే పడుతుంది. రెండో ముఖం కావాలంటే షాట్ మార్చాలి. బంబుల్‌బీ కూర్చుంటే చార్లీ ముఖం, దాని ముఖం ఒకే ఫ్రేములో ఒదుగుతాయి. చార్లీగా వేసిన హెయిలీ స్టైన్‌ఫెల్డ్ పక్కన నిజానికి ఏమీ లేదు. లేనిదాని వైపు చూస్తూ ఆ అమ్మాయి చేసిన నటన సగం, యానిమేటర్లు తర్వాత దానికి ఇచ్చిన జవాబు సగం. రెండూ ఒకే షాట్‌లో ఉండబట్టే ఆ స్నేహం నమ్మబుద్ధవుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ భారీ దేహం హాల్లో దూరి, ఒకటి సర్దబోయి ఇంకొకటి విరగ్గొడుతూ ఇల్లు గుల్ల చేసే సన్నివేశం మూకీల నాటి హాస్యం. బే కూడా 2007లో రోబోల్ని పెరట్లో దాచి నవ్వించాడు గానీ, అక్కడ అయిదుగురు ఒకేసారి తొక్కుతుంటారు.

మాట సంగతీ చెప్పాలి. కథ మొదట్లోనే బ్లిట్జ్‌వింగ్ అనే శత్రువు బంబుల్‌బీ గొంతు పెరికేస్తాడు. చార్లీ కారు రేడియో బాగుచేశాక, అది స్టేషన్లు తిప్పుతూ పాటల ముక్కల్లో మాట్లాడుతుంది. ఈ ఏర్పాటు 2007 నుంచీ ఉంది. ఇక్కడ కొత్తేమిటంటే దానికి రుచులు ఉండటం. నచ్చని క్యాసెట్ పెడితే ఉమ్మేస్తుంది. కథ 1987లో జరుగుతుంది కాబట్టి ఆనాటి పాటలన్నీ దొర్లుతాయి, కొంచెం ఎక్కువే దొర్లుతాయి. నేపథ్య సంగీతం 'కుబో'కి పనిచేసిన డారియో మారియనెల్లీది. చాలాచోట్ల అది పక్కకి తప్పుకుని ఇనుప కీళ్ళ చప్పుడుకి చోటిస్తుంది.

ఇదంతా తెలుగు ప్రేక్షకుడికి కొత్త విద్య కాదు. 2012లో రాజమౌళి 'ఈగ' తీసినప్పుడు ఎదురైనది ఇదే చిక్కు, కొలత మాత్రం తలకిందులు. కథానాయకుడికి మాట లేదు, ముఖంలో ముప్పాతిక మువ్వీసం కళ్ళే, కనుబొమ్మలు లేవు, పెదవులు లేవు. నవ్వించాలన్నా, పగ చూపించాలన్నా కాళ్ళతో, తల ఊపుతో, ఆగి చూడటంతో చేయాలి. తాను ఎవరో ప్రేయసి బిందుకి చెప్పుకోవడానికి ఆ ఈగ ఆమె కన్నీటి తడితో అక్షరాలు రాస్తుంది. సంభాషణల సినిమాలు ఎన్నో మరపున పడ్డాయి గానీ ఆ రాత మరపున పడలేదు. బంబుల్‌బీ నచ్చినవాళ్ళు 'ఈగ'ని ఇంకోసారి, ప్రతినాయకుడు సుదీప్ కోసం కాకుండా ఈగ నటన కోసమే చూస్తే బాగుంటుంది.

లోపాలు లేకపోలేదు. ఒంటరి పిల్ల, దాచిపెట్టుకున్న పరాయి గ్రహజీవి, వెంటపడే సైన్యం, ఇది 1982 నాటి 'ఈ.టి.' చట్రమే. చనిపోయిన తండ్రి, ఆయన వదిలివెళ్ళిన సగం బాగుచేసిన కారు, మానేసిన డైవింగ్, చివర్లో నీళ్ళలో దూకాల్సిన అవసరం. రచయిత్రి క్రిస్టినా హాడ్సన్ వేసిన ముడులు పడేటప్పుడే ఎలా విడతాయో తెలిసిపోతుంది. జాన్ సీనా వేసిన సైనికుడి పాత్ర మొదట్లో కరకు, తర్వాత హాస్యం, ఆపై మెత్తదనం, మధ్యలో దారి కనబడదు. అయితే శత్రు రోబోలు తమని తాము డిసెప్టికాన్లని చెప్పుకుంటున్నా అధికారులకి అనుమానం రాలేదేమని అతను విసుక్కునే చోట హాలంతా నవ్వుతుంది. ఆ ప్రశ్న ముప్పయి నాలుగేళ్ళుగా అభిమానులు అడుగుతున్నదే మరి.

డబ్బు లెక్కలో చూస్తే కథ అంత తేలిగ్గా తేలదు. 'అక్వామాన్' విడుదలైన రోజునే అమెరికాలో థియేటర్లకి వచ్చి, అయిదో భాగం కన్నా చాలా తక్కువ ఖర్చుతో తయారై, సుమారు 47 కోట్ల డాలర్లు తెచ్చింది. అయిదో భాగం రాబడికన్నా తక్కువే. విమర్శకులు మాత్రం బే సినిమాలకి ఎన్నడూ ఇవ్వని మన్నన ఇచ్చారు. తర్వాత హాస్‌బ్రో దీన్ని కొత్త వరసకి మొదలుగా లెక్కగట్టింది. ఆ వరసలో 2023లో వచ్చిన 'రైజ్ ఆఫ్ ద బీస్ట్స్' ఇంకా ఎక్కువ ఖర్చుతో, ఇంకా ఎక్కువ రోబోలతో, లోకాన్ని మింగే శత్రువుతో మళ్ళీ పాత దారికే మళ్ళింది. వసూళ్ళు 44 కోట్లకి అటూఇటూ. చప్పుడు పెంచితే జనం పెరుగుతారన్న లెక్క ఇక్కడ తప్పింది. 2024 నాటి యానిమేషన్ చిత్రం 'ట్రాన్స్‌ఫార్మర్స్ వన్' మంచిపేరు తెచ్చుకుని కూడా 13 కోట్ల దగ్గరే ఉండిపోయింది కాబట్టి, నెమ్మదిగా బాగా తీస్తే చాలు డబ్బు వస్తుందన్న లెక్క కూడా నిలబడదు.

నైట్‌కి ఆ తర్వాత అప్పగించింది ఇంకో బొమ్మల కంపెనీ పెట్టె. మ్యాటెల్ వారి 'మాస్టర్స్ ఆఫ్ ద యూనివర్స్'. అందులో కథానాయకుడు హీ-మ్యాన్ కత్తి ఎత్తి గట్టిగా అరిచే రకం, ఆ అరుపుతో ఈ దర్శకుడు ఏం చేస్తాడో నాకు ఊహకందదు. ప్రతినాయకుడు స్కెలిటార్ ముఖం మాత్రం ఒట్టి పుర్రె. దానితో ఇబ్బంది ఉండకపోవచ్చు.