రమ్ము, రండి, దయచేయుఁడు

కాణిపాకమున నూతిలో వెలసిన వరసిద్ధి వినాయకుని దర్శింపఁగోరి వరుసలో నిలిచినవానికి, గర్భగుడి చేరులోపల "రాండి సామీ", "జరగండి", "తీర్థం తీసుకోండి" అను పలుకులు అడుగడుగునను చెవిఁ బడుచునే యుండును. వ్యాకరణదృష్టిచే నివన్నియు ఆజ్ఞలే. అయినను నొచ్చుకొనువాఁ డొక్కఁడును కానరాఁడు.

పాణిని మహర్షి సంస్కృతమున ఆజ్ఞార్థక క్రియారూపమైన లోట్టునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము అను అర్థములు చెప్పెను. వానిలో నిమంత్రణము కాదనరాని పిలుపు. ఆమంత్రణము, వచ్చుటయు మానుటయు వినువాని యిష్టమునకు విడిచిన పిలుపు. పెండ్లిపిలుపు లందుకొన్న మనము ఈ భేదమును సూత్రము చదువకయే యెఱుఁగుదుము.

కాణిపాకమును ఒరసి పాఱు బాహుదానది కథయే దీనికిఁ జక్కని యుదాహరణము. అనుమతి లేక పండు కోసిన తమ్ముఁడు లిఖితునితో శంఖుఁడు "రాజునొద్దకుఁ బొమ్ము" అనెను. లిఖితుఁడు రాజుతో "నన్ను దండింపుము" అనెను. చేతులు తెగి తిరిగివచ్చిన తమ్మునితో అన్న "బాహుదలో స్నానమాడుము" అనఁగా, మునిఁగినంతనే బాహువులు మరల మొలిచెను. ముమ్మాఱును ప్రత్యయము 'ము' యొక్కటియే. మొదటిది శాసనము, రెండవది ప్రార్థనము, మూఁడవది వరము.

ఈ కథ స్పానిషు భాషలోఁ జెప్పవలసివచ్చిన, తమ్మునికి 'బాన్యాతె' (స్నానమాడుము) అను చనువురూపము చాలును గాని, రాజునెడ క్రియ మారితీరవలెను. ఆ భాషలో నియతక్రియలు ఆర్, ఎర్, ఇర్ అని మూఁడు తెగలు. చనువున్నచోఁ గొస రేఫము రాలును: కాంతార్ (పాడుట) 'కాంత' యగును, బెబెర్ (త్రాగుట) 'బెబె' యగును, సుబిర్ (ఎక్కుట) మాత్రము రేఫమును విడిచి, ఇకారమును ఎకారము చేసికొని 'సుబె' యగును. మనమును 'పాడుము'లోని ము వర్ణకమును విడిచి 'పాడు' అనుట లేదా? గౌరవము వలసినచో అచ్చులు కుండమార్పిడి పెండ్లివలె ఇల్లు మారును: ఆర్ తెగకు ఎకారము, ఎర్, ఇర్ తెగలకు అకారము వచ్చి 'కాంతె', 'బెబ', 'సుబ' యనియు, పలువురైన నకారము చేరి 'కాంతెన్', 'బెబన్', 'సుబన్' అనియు నగును. స్పెయినుదేశమున చనువైన పలువురకు రేఫస్థానమున దకారము వచ్చి 'కాంతాద్' అను రూపము వేఱుగఁ గలదు. దక్షిణామెరికావాసులు దాని జోలికే పోరు.

నన్ను ముగ్ధునిఁ జేసినది వారి గౌరవవాచకమైన 'ఉస్తెద్'. అది 'వువెస్త్ర మెర్సెద్' అను పలుకు అరిగి మిగిలినది. దాని యర్థము 'తమ దయ'. ఎదుటివానిని 'నీవు' అనక వాని దయనే కర్తగాఁ జేసి ప్రథమపురుషక్రియను వాడుదురన్నమాట. ఇంటికి వచ్చిన పెద్దలతో మనము రమ్మనుటకు మాఱుగా 'దయచేయండి' అనుటయు నిట్టిదే. నడుమ సముద్రము లున్నను, ఆజ్ఞను మెత్తపఱుప వలసివచ్చినపుడు ఇరువురికిని దొరకిన మాట దయయే!

ఇంతటి దయయుఁ గొఱవడు తావు ఆ కాణిపాకముననే కలదు. తగవు తెగక ప్రమాణమునకు వచ్చినవారు కోనేట మునిఁగి స్వామియెదుట నిలుతురు. నిన్నటివఱకు 'చెప్పండి', 'కూర్చోండి' అని యొండొరులతోఁ బలికినవారే, ఆ దినమున 'అండి'ని విడిచి, "ప్రమాణం చెయ్యి" అందురు.