నీళ్లు నింపిన పాపాయి

నార్వేకు చెందిన లేర్డాల్ సంస్థ తయారుచేసిన శిక్షణ బొమ్మ పేరు నియోనేటలీ. ఖాళీగా ఉన్నప్పుడు చిన్న సంచిలో ఇమిడిపోతుంది. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోస్తే అప్పుడే పుట్టిన బిడ్డంత బరువు తూగుతుంది. మెడ నిలవదు, కాళ్లూ చేతులూ వేలాడిపోతాయి. ఊపిరి అందని బిడ్డను ఎత్తుకున్నప్పుడు చేతికి తెలిసేది ఈ వేలాడే బరువే.

బొమ్మ నుంచి సన్నని గొట్టాలు బయటికి వస్తాయి. వాటి చివర చేత్తో నొక్కే రబ్బరు బల్బులు ఉంటాయి. వాటితోనే బొడ్డుతాడులో నాడి కొట్టుకునేలా, ఛాతీ లేచేలా, బిడ్డ ఏడ్చేలా చేయవచ్చు. కరెంటు అక్కర్లేదు. అసలు పనితనం ఛాతీలో ఉంది. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు మాస్కు గడ్డాన్ని, నోటిని, ముక్కును కప్పి గట్టిగా ఆనుకోవాలి, కళ్ల మీదికి పోకూడదు. తల కొద్దిగా మాత్రమే వెనక్కి వాలాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా, ఎంత నొక్కినా ఛాతీ లేవదు. నర్సు పొరపాటును పక్కనున్నవాళ్లు చెప్పక్కర్లేదు, బొమ్మే చెబుతుంది.

ఈ బొమ్మతో నేర్పే పాఠం 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్'. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మరికొన్ని సంస్థలతో కలిసి 2010లో మొదలుపెట్టింది. పాఠమంతా పుట్టిన తర్వాతి తొలి నిమిషం చుట్టూ తిరుగుతుంది. దాన్ని బంగారు నిమిషం అంటారు. బిడ్డను పొడిబట్టతో బాగా తుడవాలి, ఏడుస్తోందా లేదా చూడాలి. ఏడవకపోతే, అవసరమైతేనే నోరు, ముక్కు శుభ్రం చేసి, వీపు రుద్దాలి. అప్పటికీ ఊపిరి తీయకపోతే ఆ నిమిషం దాటకముందే బ్యాగు అందుకోవాలి. నిమిషానికి నలభై సార్లు, 'నొక్కు, రెండు, మూడు' అని లెక్కపెడుతూ గాలి అందించాలి. ఛాతీ లేవకపోతే ఏం చేయాలో కూడా వరస ఉంది. ముందు మాస్కు, తల సరిచేయాలి. తర్వాత నోట్లో తెమడ తీసి, నోరు కాస్త తెరవాలి. చివరికి బ్యాగును మరింత గట్టిగా నొక్కాలి. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు నర్సుగా, ఒకరు బల్బులు నొక్కే బిడ్డగా సాధన చేస్తారు. బల్బు పట్టుకున్న మనిషి ఎదుటివారి చేతులను ఎంత శ్రద్ధగా చూడాలో! అదీ శిక్షణే.

ఉత్తర టాంజానియాలోని హైడమ్ లూథరన్ ఆస్పత్రిలో ఈ పాఠాన్ని ఒక్కరోజు శిక్షణగా ఇచ్చారు. ఆ తర్వాత బొమ్మ మీద అందరి పనీ మెరుగుపడింది. ప్రసవ గదిలో మాత్రం మార్పు రాలేదు. 2013లో పరిశోధకులు ఈ సంగతిని దాచకుండా ప్రచురించారు. వాళ్ల మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. కారణం ఊహించలేనిదేమీ కాదు. ఊపిరి తీయకుండా పుట్టే బిడ్డ రోజూ ఎదురుపడదు. ఎదురుపడేసరికి చేతులు మరిచిపోతాయి.

అప్పుడు వాళ్లు పాఠాన్ని మార్చలేదు, దాని చోటు, నిడివి మార్చారు. బొమ్మను తెచ్చి ప్రసవాలు జరిగే చోటే ఉంచారు. వారానికోసారి మూడు నుంచి అయిదు నిమిషాల సాధన పెట్టారు. డ్యూటీ మధ్యలో, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు కూడా చేసుకోవచ్చు. శిక్షణ కోసం నర్సు వార్డు విడిచి ఊరెళ్లనక్కర్లేదు, ఆమె స్థానంలో మరొకరిని వెతకనక్కర్లేదు.

2015లో వెలువడిన ఫలితాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న వివరం. వీపు రుద్ది ప్రేరేపించిన బిడ్డల శాతం పెరిగింది, బ్యాగు దాకా వెళ్లాల్సి వచ్చినవాళ్ల శాతం తగ్గింది. చేతులు తొలి అడుగులోనే తొందరపడటం నేర్చుకున్నాయన్నమాట. పుట్టిన 24 గంటల్లోపు మరణాలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గాయి.

ఏ ఆస్పత్రిలోనైనా శిక్షణ బొమ్మ బీరువాలో తాళం వేసి ఉంటే, దయచేసి దాన్ని బయటికి తీసి ప్రసవ గది పక్కన బల్ల మీద పెట్టించండి.