పెదవి మీద నిప్పు

బలిపీఠం మీది నిప్పుకణికా, నీకు వందనం.

టెల్కో కాలనీ వాళ్లకు నిప్పు కొత్త కాదు. రైలింజన్లు చేయడానికి 1945లో పెట్టిన కంపెనీ నీడన పెరిగిన కాలనీ ఇది. 1954 నుంచి లారీలు వచ్చాయి, 1970తో ఇంజన్ల పని ముగిసింది, కొలిమి మాత్రం ఆరలేదు. శ్రీకాకుళం, గంజాం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ వచ్చిన తెలుగువాళ్లు ఆ సెగకు ఒళ్లు అలవాటు చేసుకున్నారు. ఉక్కు కంపెనీ కరిగిన చిట్టెం పారబోసిన రాత్రి ఆకాశం ఎర్రబడితే చంటిపిల్లలు కూడా బెదిరేవారు కాదు. అలాంటి ఊళ్లో కూడా నిన్ను తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. కొలిమి నిప్పుకు ఇనుముతో పని. నువ్వు మనిషి నోటిని వెతుక్కుంటూ వచ్చావు.

నీకంటే ముందు ఇంకో నిప్పు కథ ఉంది. యెరూషలేములో 52 ఏళ్లు ఏలిన ఉజ్జియా, బలం పెరిగాక గర్వించి, యాజకులు వద్దంటున్నా ధూపార్తి పట్టుకుని ఆలయంలోకి చొరబడ్డాడు. అక్కడే నుదుట కుష్ఠు పొక్కింది. బతికినన్నాళ్లూ వేరే ఇంట్లో ఉండిపోయాడు. కుష్ఠు సోకినవాడు పైపెదవి కప్పుకుని, తాను అపవిత్రుడనని కేకవేయాలని మోషే ధర్మశాస్త్రం. ఆ రాజు చనిపోయిన ఏడే, సుమారు క్రీస్తుపూర్వం 740లో, ప్రవక్త యెషయాకు దర్శనమైంది. సింహాసనం, ఆలయం నిండా పరచుకున్న వస్త్రపు అంచులు, అదిరే గడపలు, పొగ. నుదుట ఏ మచ్చా లేని యెషయా ఆ కుష్ఠురోగి కేకే వేశాడు. తన పెదవులే అపవిత్రమన్నాడు.

ఇప్పుడు దర్శనాలకు కొదవ లేదు. ఉపవాస ప్రార్థనలో ఒకరికి ప్రమోషన్ కనిపిస్తుంది, ఇంకొకరికి వీసా. కాదనడానికి నేనెవర్ని గానీ, దేవుణ్ణి చూసినవాడి నోట మొదట రావాల్సింది 'అయ్యో' అనుకుంటాను. యెషయా నోట అదే వచ్చింది. అర్జీ పెట్టుకోలేదు, బలి తేలేదు, మొక్కు మొక్కలేదు. అడగకుండానే నువ్వు బయల్దేరావు.

ఆరు రెక్కల దూత, సెరాపు కూడా నిన్ను పట్టుకారుతోనే తీశాడు. ఫోర్జి షాపులో పనిచేసినవాడికి ఆ పట్టుకారు విలువ తెలుసు: చేతికీ ఎర్రగా కాలిన ఇనుముకీ మధ్య ఉన్నది అదొక్కటే. అలాంటి నిన్ను తెచ్చి పల్చని పెదవి మీద ఆనించాడు. బొబ్బెక్కిందని ఎక్కడా లేదు. దోషం పోయింది, పాపానికి ప్రాయశ్చిత్తం జరిగిపోయింది. రాజు దబాయించి పట్టుకున్న నిప్పు అతణ్ణి వెలివేయించింది. నశించానని ఒప్పుకున్నవాడి దగ్గరికి నువ్వే ఎగిరొచ్చావు.

1803లో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు మా పెద్దవాళ్లకు పుస్తకం చూడకుండా వచ్చు. పశ్చాత్తాపం దగ్గరికి వచ్చేసరికి ఒక్కో గొంతు వణుకుతుంది కూడా. ఆరాధన అయ్యాక గేటు దగ్గర, చెప్పులు వేసుకుంటూ, అదే గొంతు ఎవరింటి కోడలి సంగతో ఎత్తుకుంటుంది.

నిప్పుకణికా, అక్కడికి రా. క్వార్టర్ల గోడ మీదుగా దాటే మాటల మీదికి రా. కాంట్రాక్టు కూలీని, వయసులో పెద్దవాడైనా సరే, 'అరే' అని పిలిచే పర్మనెంటు నోటి మీదికి రా. వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఆమెన్ అన్న ఈ మూతుల మీదికే ముందు రా.

నువ్వు ముట్టినవాణ్ణి ఊరికే కూర్చోనివ్వరని తెలుసు. యెషయాను పంపింది వినని జనం దగ్గరికి. ఎంతకాలమయ్యా అని అడిగితే ఊళ్లు పాడయ్యేదాకా అన్న జవాబే వచ్చింది. నరికిన చెట్టు మొద్దులో మిగిలిన పరిశుద్ధ విత్తనం తప్ప ఇంకో ఆశ చూపలేదు. అయినా అతడు వెళ్లాడు. మమ్మల్ని అంత దూరం పంపకు. గోడ అవతలి క్వార్టరు దాకా చాలు, ఏళ్లుగా మాటల్లేని ఆ ఇంటి గుమ్మం దాకా.