ఓటి జాడ

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ దాన్ని ఎడమచేతి మీద ఎత్తిపట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో మెల్లగా కొట్టేది. కంగుమంటే బేరం మొదలు. మొద్దుగా పలికితే దించి పక్కన పెట్టేది. కంటికి పగులు కనిపించకపోయినా అది ఓటికుండేనని ఆమె చెవి తేల్చేసేది. చిన్నప్పుడు నేనది పట్టించుకోలేదు. ఈ ఏప్రిల్‌లో మా వాకిట్లో నేల కింద పైపు పగిలి, ఎక్కడ పగిలిందో తెలియక పన్నెండు రోజులు తిరిగాక ఆ చప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

మద్దేడ్‌లో మా ఇల్లు బీజాపూర్ నుంచి భోపాలపట్నం పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. ఇంట్లో తెలుగు, దుకాణంలో హిందీ, సంతలో గోండి మాట్లాడుకునే ఊరు మాది. ఎండాకాలం వస్తే వాగు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకుని కడవ నింపుకున్న రోజులు అమ్మకు బాగా గుర్తు. ఇప్పుడు ఇంటికి బోరుంది, మోటరుంది, స్లాబు మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకుంది. ట్యాంకు నుంచి దిగిన పైపు నేలలోకి పోయి రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ వంటింటికి, ఇంకొకటి వాకిలి దాటి స్నానాల గదికి, పశువుల తొట్టికి.

ముందు పసిగట్టింది అమ్మే. రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి తగ్గుతోందని నేను మోటరును అనుమానిస్తుంటే, ఆమె చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. "పొద్దుగాల మొదటి నీళ్లల్ల మట్టి వస్తుంది బిడ్డా. బోరులో మట్టయితే దినమంతా రావాలె కద?" ట్యాంకు ఖాళీ అయిన రోజుల్లోనే అలా వస్తోందని తర్వాత లెక్క చూసుకుంటే తేలింది.

ఆమె మాటలోని సూక్ష్మం నాకప్పుడు అందలేదు. మునగచెట్టు పక్కన నేల తడిగా ఉంది, ఏప్రిల్ ఎండలోనూ అక్కడ గడ్డి పచ్చగా ఉంది. ఇంకేం కావాలని గడ్డపార తీసుకున్నాను. రెండడుగుల లోతు తవ్వాను. బురద వచ్చింది, నీళ్లు ఊరాయి, పైపు దొరికింది. దానికి ఏమీ కాలేదు. అటూ ఇటూ ఇంకో నాలుగడుగులు తవ్వినా అంతే. పైగా గడ్డపార మొన పైపుకు వెంట్రుకవాసి దూరంలో దిగింది. పైపు వేసినాయన ఊరు విడిచిపోయి ఏళ్లయింది. అది ఎటు నుంచి ఎటు పోతుందో ఎవరికీ తెలియదనుకున్నాను. కాగితం ముక్క కూడా లేదు.

ఆ సాయంత్రం ఒక మామ వచ్చాడు. సొంత మామ కాదు, ఊరి వరస. ముప్పై ఏళ్లు సైకిళ్లు బాగుచేసి, సైకిళ్లు తగ్గాక మోటర్లకూ పైపులకూ మళ్లినవాడు. నా గుంత చూసి అన్నాడు: "గడ్డపార పక్కకు పెట్టు అల్లుడా, నిచ్చెన తే. నీళ్లు బయటికొచ్చిన జాగ వేరు, పగిలిన జాగ వేరు."

ఈ రెండో మాటలో ఎంత ఉందో చెప్పాలి. పైపు వేయడానికి కాలువలా తవ్వి, తిరిగి వదులు మట్టితో పూడుస్తారు. చుట్టూ ఉన్నది కదలని గట్టి మొరం. పైపు పగిలితే నీళ్లకు మెత్తని దారి ఆ పూడికే. పైపు వెంటే పల్లానికి పాకి, ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ పైకి తేలతాయి. తడి కనిపించిన చోటే గునపం వేసేవాడు నీళ్ల ప్రయాణం ముగిసిన చోట తవ్వుతున్నాడన్నమాట. బృహత్సంహితలో వరాహమిహిరుడు నేల కింది నీటి జాడలకు ఏకంగా ఒక అధ్యాయమే ఇచ్చాడు. చెట్లను, పుట్టలను బట్టి నీరెక్కడుందో చెప్పే అధ్యాయమది. నేను మునగచెట్టు పక్క గడ్డిని నమ్మింది ఆ లెక్కలోనే. నీరుందన్న సంగతి గడ్డి నిజమే చెప్పింది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం దానివల్ల కాదు.

నిచ్చెనెక్కి మామ ట్యాంకు అడ్డుకొలత తీశాడు. 107 సెంటీమీటర్లు. అంటే నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగితే దాదాపు 9 లీటర్లు పోయినట్టు. మొదటి రాత్రి ట్యాంకు కింది గేట్‌వాల్వు కట్టేసి గీత పెట్టాం. తెల్లారి చూస్తే గీత మీదే నీళ్లున్నాయి. ట్యాంకుకు ఓటి లేదు. రెండో రాత్రి వాల్వు తెరిచి, ఇంట్లో నల్లాలన్నీ బిగించి, పది గంటలకు గీత గీశాం. పొద్దున ఆరింటికి 6 సెంటీమీటర్లు దిగింది.

54 లీటర్లు. ఆ అంకె దగ్గర నేను ఆగిపోయాను. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని లెక్క పెట్టింది. మా నేల ఎనిమిది గంటల్లో అంత తాగింది. రోజంతా లెక్కేస్తే ముగ్గురి వంతు. చెలిమె దగ్గర చిప్పతో నీళ్లు తోడిన మనిషి ఉన్న ఇంట్లో, ముగ్గురికి చాలే నీళ్లు ఎవరి గొంతూ తడపకుండా పోతున్నాయి. ఆ లెక్క అమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మూడో రాత్రి వంటింటి కొమ్మకు మూత బిగించాం. నీళ్లు అంతే దిగాయి. ఓటి వాకిలి కొమ్మలోనే ఉంది. ఒక్క దెబ్బ వేయకుండా, మూడు గీతలతో సగం ఇల్లు వెతుకులాటలోంచి తప్పుకుంది.

నేల మీద ఇనుప కడ్డీ ఆనించి వింటే సరిపోదా అని అడిగాను. టోక్యోలో సిబ్బంది అర్ధరాత్రి, ట్రాఫిక్ సద్దుమణిగాక, కడ్డీలూ మైకులూ పట్టుకుని వీధివీధీ వింటూ పోతారని, ఆ నగరం లీకేజీని సుమారు 3 శాతానికి తెచ్చుకుందని చదివి ఉన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు. చూస్తే ఆయనే సరి. ఇనుప పైపు చప్పుడును దూరం మోసుకుపోతుంది, ప్లాస్టిక్ మింగేస్తుంది. పైగా నీళ్లు బుస్సుమనాలంటే వెనక ఒత్తిడి ఉండాలి. పది మీటర్ల ఎత్తు నీళ్లకు గాని చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి రాదు. మా స్లాబు ఎత్తుకు అందులో సగం కూడా ఉండదు. మా ఓటి మూగది.

దాన్ని మాట్లాడించడానికి మామ వాడింది తన పాత విద్యనే. ట్యూబులో పంక్చరు కంటికి దొరక్కపోతే, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తారు. ఇక్కడ నేలే తొట్టి. వాకిలి కొమ్మలో నీళ్లు వంపేసి, రెండు చివర్లా మూతలు బిగించి, ఒక మూతకు బెజ్జం చేసి పాత ట్యూబు వాల్వును రబ్బరు వాషరుతో బిగించాడు. సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొడుతుంటే నేను పైపు పోతుందనుకున్న దారి వెంట బకెట్లతో నీళ్లు పోసుకుంటూ పోయాను. కంప్రెసరు పెడితే తొందరగా అయిపోతుంది కదా అని నేననబోతే ఆయన నాకన్నా ముందే హెచ్చరించాడు: గాలి ఎక్కువైతే ప్లాస్టిక్ పైపు బాంబులా పేలుతుంది, ముక్కలు కళ్లలో పడతాయి. చేతి పంపుకు మించకూడదు.

గేటుకు మూడడుగుల దూరంలో, పొడిగా, గట్టిగా, ఎవరికీ అనుమానం రాని చోట బుడగ లేచింది. ఒకటి, కాసేపటికి ఇంకొకటి, తర్వాత వరసగా. పంపు ఆపితే ఆగాయి. కొడితే లేచాయి. మునగచెట్టు అక్కడికి పద్నాలుగు అడుగులు.

అడుగు లోతు దాకా పారతో తీసి, ఆపైన చేతులతోనే తవ్వాం. పైపు కింద కోడిగుడ్డంత రాయి, మొన పైకి. పైపు వేసేటప్పుడు కింద ఇసుక పరవలేదు. ఏటా గడ్డి దించే ట్రాక్టరు అక్కడి నుంచే లోపలికి వస్తుంది. చక్రం ఎక్కిన ప్రతిసారీ ఆ మొన కప్లింగ్‌ను నొక్కింది. గోరు కూడా పట్టనంత సన్నని చీలిక పడింది.

అతుకు పనిలోనూ తొందర పనికిరాదు. చీలిన ముక్క కోసేశాక పైపులో మిగిలిన నీళ్లు బొట్లుబొట్లుగా వస్తూనే ఉంటాయి, తడి మీద సొల్యూషన్ పట్టదు. మామ బ్రెడ్డు ముక్క నలిపి పైపులోకి కుక్కాడు. ఆ కాసేపు నీళ్లను ఆపి, తర్వాత నానిపోయి నల్లా విప్పగానే కొట్టుకుపోతుంది. కోసిన అంచు గరుకు కాగితంతో తీసి, గుడ్డతో తుడిచి, ఎంత లోతు దిగాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, రెండువైపులా సొల్యూషన్ రాసి, కొంచెం తిప్పుతూ దింపి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. వదిలేస్తే లోపలి నుంచి వెనక్కి తోసుకొస్తుందట. అర నిమిషమే అయినా ఆ అర నిమిషం ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

కింద ఇసుక పరిచాం కానీ గుంత పూడ్చలేదు. ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లు వదిలి, ఇంకో రాత్రి గీత చూశాకే పూడ్చాలన్నాడు. దూడ పడకుండా అమ్మ గుంత మీద తలుపు చెక్క వేసింది.

పూడ్చే ముందు నేను చెంబులో మట్టి సంగతి అడిగాను. మామ చెప్పినదాన్ని అమ్మ చెంబు తెచ్చిన రోజే పసిగట్టింది. పైపు నిండుగా ఉన్నంతసేపు నీళ్లు బయటికి పోతాయి. పైపు ఖాళీ అయితే బయటి తడి లోపలికి వస్తుంది. మా చీలిక పక్కన మట్టి ఉంది కాబట్టి మట్టి వచ్చింది. మురుగు కాలువ ఉంటే? 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగే నీళ్లలో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రాణాలు తీసినప్పుడూ వేళ్లు చూపించింది కలుషితమైన నల్లా నీళ్లవైపే. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదిలి, మిగతా కాలం ఖాళీగా ఉంచే గొట్టాలు మన ఊళ్లలో ఎన్ని లేవు! నీళ్లు వృథా అవుతున్నాయని బాధపడతాం గానీ, ఆ చీలిక లోపలికి కూడా తెరిచి ఉన్న తలుపని తలచుకోం. పొద్దున మొదటి చెంబు రంగు చూడండి. నేను చూడలేదు, అమ్మ చూసింది.

మర్నాటి రాత్రి గీత కదల్లేదు. గుంత పూడ్చే ముందు టేపు పట్టి, గేటు నుంచి ఎన్ని అడుగులు, గోడ నుంచి ఎన్ని, ఎంత లోతు అన్నీ కొలిచి, మోటరు స్విచ్చు పక్క గోడ మీద పైపు దారి మొత్తం రంగుతో గీశాను. అతుకు వేసిన చోట చుక్క, పక్కన తేదీ. అమ్మ వచ్చి చూసి, తొట్టి దగ్గర మలుపు తప్పు గీశానంది. పైపు వేసిన రోజు తను అక్కడే నిలబడి ఉందట. నన్నెవరూ అడగలేదు కదా అంది. తుడిచి, ఆమె చెప్పినట్టు గీశాను.