ప్రచ్ఛన్న పాఠకుడు

గ్రూప్స్ ఎకానమీ గైడుకి సమీక్షేంటి అని నవ్వొచ్చు. కానీ అశోక్‌నగర్లో ఉన్న మూడేళ్ళలో నేను ఏ నవలనీ చదవనంత శ్రద్ధగా చదివిన పుస్తకం అదే. ఏ పట్టిక కింద అచ్చుతప్పు ఉందో ఇప్పటికీ చెప్పగలను. చిక్కడపల్లి లైబ్రరీ చెట్ల కింద అలాంటి పుస్తకాన్నే అంతే పట్టుదలతో చదివేవాళ్ళు ఎప్పుడు చూసినా కనిపించేవాళ్ళు. మన కవితా సంపుటాలకి ఆ అదృష్టం లేదు. ఇంతమంది చదివే వచనం గురించి సాహిత్యం వాళ్ళు ఒక్క మాటా మాట్లాడకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ముందు భాష సంగతి. కథల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయిన "అందురు", "జరుగును", "ఏర్పడును" ఈ గైడుల్లో ఇంకా హాయిగా బతుకుతున్నాయి. ధర పెరిగితే డిమాండ్ తగ్గును. ఎవరు కొనడం మానేశారు, ఎందుకు మానేశారు, ఆ పూట ఇంట్లో ఏం వండారు? వాక్యంలో మనిషే ఉండడు. పారిభాషిక పదాల్ని వెక్కిరించడం తేలిక, నేనూ వెక్కిరించాను. "క్షీణోపాంత ప్రయోజన సిద్ధాంతం" అని తడబడకుండా అన్నవాడికి మా రూంలో టీ ఫ్రీ. నాలుగో జిలేబీ మొదటిదంత రుచిగా ఉండదు అన్నదే కదా దాని అర్థం! 1968లో తెలుగు అకాడమీ పెట్టాక, పై చదువులు తెలుగులో చెప్పాలని కూర్చుని ఆ పదాల్ని తయారుచేసినవాళ్ళ మీద నాకిప్పుడు గౌరవమే ఉంది. ద్రవ్యోల్బణం ఎంత మంచి మాట! తప్పు పదాలది కాదు. పదం ఇచ్చేసి, దాని వెనకున్న కథని మింగేసిన గైడుది.

గిఫెన్ వస్తువుల సంగతే చూడండి. గైడులో ఒకటే లైను: ధర పెరిగితే వీటి డిమాండ్ పెరుగును. దాని కింద ఓ బిట్టు. గిఫెన్ పేరుతో మార్షల్ చెప్పింది పేదవాళ్ళ రొట్టె గురించి. రొట్టె ధర పెరిగితే వాళ్ళ చేతిలో మాంసానికి డబ్బులు మిగలవు. మాంసం మానేస్తే కడుపు నిండాలి కాబట్టి, ధర పెరిగినా సరే ఇంకాస్త రొట్టే కొంటారు. బియ్యం రేటు పెరిగిన నెలలో కూర తగ్గి అన్నం పెరిగిన కంచాన్ని చూసినవాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు. చదివేవాడి ఇంట్లోనే ఉన్న ఉదాహరణని గైడు వాడి కంటపడకుండా దాటించేస్తుంది.

పేదరికం అధ్యాయం గురించి ఎక్కువ చెప్పను. టెండూల్కర్ పద్ధతిలో 2011-12కి నెలకు మనిషికి పల్లెలో 816 రూపాయలు, పట్నంలో 1000. రంగరాజన్ కమిటీ లెక్కలో 972, 1407. జతపరచండి. మొదటి గీత గీస్తే పేదలు 21.9 శాతం, రెండోది గీస్తే 29.5 శాతం. అంటే గీత కాస్త జరిగితే తొమ్మిది కోట్లకు పైగా మనుషులు అటూ ఇటూ అవుతారు. రెండు అంకెలూ ఒకే పేజీలో ఉన్నాయి. ఈ ఒక్క వాక్యమే లేదు.

నాకు అసలు పేచీ నిరుద్యోగం అధ్యాయంతో. చదివేవాడు నిరుద్యోగి. పుస్తకం వాడి కోసమే రాసింది. ఇక్కడైనా ఇద్దరూ ఎదురుపడాలి కదా? పడరు. ఋతుసంబంధ, నిర్మాణాత్మక, చక్రీయ, సంఘృష్ట అని నిర్వచనాలు వరసగా వస్తాయి. ప్రచ్ఛన్న నిరుద్యోగిత దగ్గర అదే పాత ఉదాహరణ: ముగ్గురు సరిపోయే పొలంలో ఐదుగురు పనిచేస్తుంటారు, మిగతా ఇద్దరి ఉపాంత ఉత్పాదకత శూన్యం. ఈ పదాన్ని మొదట వాడినది ఎవరు? జోన్ రాబిన్సన్, 1936. టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోతాం.

పరీక్షలు వదిలేసిన చాన్నాళ్ళకి ఆవిడ వ్యాసం చదివాను. అందులో ఆ పొలం లేదు. మాంద్యంలో మంచి ఉద్యోగం పోయి, లండన్ వీధిలో అగ్గిపెట్టెలు అమ్ముకునే మనిషి ఉన్నాడు. ఏదో ఒకటి చేస్తున్నాడు కాబట్టి లెక్కల్లో నిరుద్యోగిగా కనబడడు. నిరుద్యోగమే మారువేషం వేసుకుని తిరుగుతోందన్నది ఆవిడ మాట. అది చదివితే నాకు పొలం గుర్తుకురాలేదు, బీటెక్ చేసి రాత్రిళ్ళు బిర్యానీలు డెలివరీ చేసే మా రూమ్మేట్ గుర్తొచ్చాడు. ఆవిడ పేరు మా ఇద్దరికీ నోటికొచ్చు. అతని గురించే రాసిందని ఇద్దరికీ తెలీదు.

లెక్కలు కట్టే పద్ధతి ఇంకా చిత్రం. కార్మిక సర్వేలో ప్రస్తుత వారం పద్ధతి ప్రకారం, గడిచిన ఏడు రోజుల్లో ఒక్క రోజు ఒక్క గంట పని చేసినా ఉద్యోగం ఉన్నట్టే. మా రూంలో ముగ్గురం. ఒకడు ఆదివారం ట్యూషన్ చెప్పాడు, వాడు ఉద్యోగి. ఒకడు దరఖాస్తులు పెట్టుకుంటూ ఏ పనైనా చేస్తానంటున్నాడు, వాడు నిరుద్యోగి. నోటిఫికేషన్ వచ్చేదాకా చదువు తప్ప ఇంకేదీ వద్దని కూర్చున్న నేను అసలు శ్రామిక శక్తిలోనే లేను. ఒకే గది, ఒకే గైడు, మూడు గడులు. 2017-18లో నిరుద్యోగ రేటు 6.1 శాతం అని బట్టీపట్టాం గానీ, అందులో మాలో ఎవరున్నాం అని ఒక్కరం కూడా అడుక్కోలేదు. అడిగితే పరీక్షలో మార్కు రాదు, నిజమే. కానీ అడిగినవాడు ఆ అంకెని మళ్ళీ జన్మలో మర్చిపోడు. గైడు రాసేవాళ్ళు కనీసం ఆ లాభమైనా చూసుకోవచ్చు.

అన్యాయంగా మాట్లాడకూడదు. లోటు గురించిన పేజీలు నిజంగా బాగున్నాయి. కోశ లోటులోంచి వడ్డీ చెల్లింపులు తీసేస్తే ప్రాథమిక లోటు అని ఒక్క తీసివేతలో చెప్పి, పాత అప్పుల బరువుని పక్కనపెడితే ఈ ఏడాది ప్రభుత్వం ఎంత ఎక్కువ ఖర్చు చేస్తోందో చూపించారు. ఇంత పొదుపైన వచనం రాయడం మామూలు విషయం కాదు. మా వీధి చివర టీకొట్టు దగ్గర బడ్జెట్ మీద జరిగిన వాదనల్లో టీవీ చర్చల కంటే సరుకుండేది. అది ఈ పేజీల పుణ్యమే. మా నాన్నకి పేపర్లో కోశ లోటు అంటే ఏంటో నేను చెప్పగలిగానంటే, అదీ దీనివల్లే.

నా కాపీ కోఠిలో కొన్న పాతది. అంతకుముందు చదివినవాళ్ళు ఎవరో తెలీదు. పంచవర్ష ప్రణాళికల దగ్గర ఎర్ర గీతలు, బ్యాంకుల దగ్గర పచ్చ గీతలు, చాలా పద్ధతి గల మనిషి. నిరుద్యోగం అధ్యాయంలో మాత్రం ఏ గీతా లేదు. నిర్వచనాల పక్క మార్జిన్లో పెన్సిల్‌తో ఒక తీసివేత ఉంది. పైన ఒక జూలై తేదీ, కింద పుట్టిన తేదీ, గీత కింద 33 ఏళ్ళ 11 నెలలు. తప్పు చేశానేమో అన్నట్టు దాని కిందే ఇంకోసారి చేసి చూసుకున్నారు. అదే జవాబు వచ్చింది.